సర్వీస్ అయిన మర్నాడే "గేర్‌బాక్స్ పోయింది" అంటున్నారా? విప్పనిచ్చే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నా, మిగతా వాళ్ళకి కూడా అర్థమవుతుందని. నాన్నగారి పెట్రోల్ సీవీటీ (బెల్టూ పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) సెడాన్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. గుంటూరులో మామూలు సర్వీసుకి ఇచ్చారు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ క్లీనింగ్, వాషింగ్, అంతే. ఇంటికి తెచ్చేటప్పుడు తేడా తెలీలేదు. మర్నాడు పొద్దున డి (డ్రైవ్) లో వేస్తే కాసేపు ఆగి కదిలింది, విజయవాడ వస్తూ వారధి దాటి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఆర్‌పీఎం నాలుగు వేలు దాటుతోంది గానీ బండి లాగట్లేదు. సర్వీసు వాళ్ళేమో "మేం అసలు గేర్‌బాక్స్ ముట్టుకోలేదండి, లోపల పోయింది, దించి చూడాలి, రెండు లక్షల దాకా పెట్టుకోండి" అన్నారు. అది నిజమేనా, ఈలోపు బండి వాడుకోవచ్చా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తున్నా. బండి ఇంక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, అసలు స్టార్టే చెయ్యకండి. గేర్‌బాక్స్ దించడానికి ఇప్పుడే సంతకం పెట్టకండి. ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ ఆయిల్ గేజు (ఆయిల్ ఎంతుందో చూసే పొడవాటి పుల్ల, డిప్‌స్టిక్) తీసి చూడండి.

గేర్‌బాక్స్‌కి రోగం అయితే ఇంజిన్ గేజు ఎందుకు అంటారేమో. ఆటోనగర్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి, సర్వీస్ అయిన వెంటనే బండి లాగట్లేదని ఎవరు వచ్చినా నేను మొట్టమొదట చూసేది అదే. ఎందుకంటే చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లలో ఇంజినూ గేర్‌బాక్సూ అడ్డంగా పక్కపక్కనే ఉంటాయి, కింద నుంచి చూస్తే రెండింటికీ ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టులు మూరెడు దూరంలోనే ఉంటాయి. కొత్తగా చేరిన కుర్రాడు, సాయంత్రం ఆరింటికి డెలివరీ ఇవ్వాల్సిన బండ్లు ఇంకా నాలుగు లైన్లో ఉన్నాయి, తొందరలో ఇంజిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్ బోల్టు విప్పేస్తాడు. ఆయిల్ కారింది కదా అని మళ్ళీ బిగించేస్తాడు. పైకి వచ్చి ఇంజిన్లో కొత్త ఆయిల్ మూడున్నర లీటర్లు పోసేస్తాడు. అంటే ఇప్పుడు ఇంజిన్లో పాతదీ కొత్తదీ కలిపి డబల్ ఆయిల్, గేర్‌బాక్సులో సగం ఖాళీ. వినడానికి ఇలా కూడా జరుగుతుందా అనిపిస్తుంది గానీ ఇది ఇక్కడొక్కచోట జరిగేది కాదు, బయటి దేశాల్లో కూడా సీవీటీ బండ్లకి బాగా తెలిసిన పొరపాటే.

మరి మొదటిరోజు బానే వచ్చింది కదా అని మీకు అనుమానం రావచ్చు. డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్‌బాక్స్ ఆయిల్ మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్, కూలర్, వాల్వ్ బాడీ లాంటి లోపలి భాగాల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. ఆ మిగిలిన ఆయిల్‌తో బండి కొంతదూరం మామూలుగానే నడుస్తుంది. రాత్రంతా నిలబడ్డాక ఆయిల్ అడుగుకి దిగిపోతుంది, పొద్దున స్టార్ట్ చేస్తే పంపు సగం ఆయిల్, సగం గాలి పీలుస్తుంది, ప్రెషర్ లేవడానికి టైం పడుతుంది. మీరు చెప్పిన "డి లో వేస్తే కాసేపు ఆగి కదలడం" అదే. ఎత్తు ఎక్కేటప్పుడు లోడ్ పెరుగుతుంది, సీవీటీలో చక్రాలకి శక్తి అందించే స్టీలు బెల్టుని రెండు పుల్లీలు గట్టిగా పట్టుకోవడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి, అది లేదు, అందుకే ఇంజిన్ రైజ్ అవుతుంది గానీ బండి కదలదు. మీ లక్షణాలు చదవగానే నాకు అనుమానం అటే పోయింది. చూడకుండా ఖాయంగా చెప్పను, కానీ చూడటానికి రెండు నిమిషాలు, ఒక గుడ్డముక్క చాలు.

గేజు ఎలా చదవాలంటే, బండి సమంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి ఉండగా, గేజు తీసి శుభ్రంగా తుడిచి మళ్ళీ పూర్తిగా దింపి తీయండి. రెండు సంగతులు చూడాలి. ఒకటి లెవెల్, పై గుర్తుకి కొంచెం అటూఇటూ ఉంటే సరే, పై గుర్తు దాటి వేళ్ళు పట్టుకునే వైపు బాగా పైదాకా తడిగా ఉంటే తేడా ఉన్నట్టే. రెండోది రంగు. పెట్రోల్ బండిలో నిన్న మార్చిన ఇంజిన్ ఆయిల్ లేత పసుపు రంగులో, దాదాపు అవతల కనపడేంత తేటగా ఉండాలి. నల్లగా ఉందంటే పాత ఆయిల్ దిగలేదన్నమాట. లెవెల్ ఎక్కువా, రంగు నలుపూ రెండూ కలిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

తర్వాత బండి లిఫ్ట్ ఎక్కించినప్పుడు మీరే కిందికి వెళ్ళి చూడండి, సిగ్గుపడొద్దు. ఇంజిన్ డ్రెయిన్ బోల్టు తల మీద నెలల తరబడి పట్టిన మట్టి అలాగే గట్టిగా అతుక్కుని ఉండి, గేర్‌బాక్స్ బోల్టు మాత్రం గుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా, అంచుల మీద కొత్త స్పానర్ గీతలు మెరుస్తూ ఉంటే, ఎవరు ఏం విప్పారో బోల్టులే చెప్తాయి. వాషింగ్ చేశారు కాబట్టి పైపైన మట్టి పోయి ఉండొచ్చు, అయినా బోల్టు తలకీ ఛాంబరుకీ మధ్య సందులో ఉన్న జిడ్డు మట్టి వాషింగ్‌కి పోదు. ఫొటో తీసుకోండి. తుడవకముందే తీసుకోండి.

ఇలాంటి కేసుల్లో రెండు బండ్లు నాకు బాగా గుర్తున్నాయి. ఒకాయన గన్నవరం నుంచి ఫోన్ చేశారు, సర్వీస్ చేయించి మూడు కిలోమీటర్లు కూడా రాలేదు, బండి లాగట్లేదని పక్కకి ఆపేశారు. ఆపి మంచిపని చేశారు. ఫ్లాట్‌బెడ్ మీద తెప్పించాం, రెండు వైపులా ఆయిల్ పూర్తిగా దింపి, గేర్‌బాక్సుకి కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిల్ పోసి, కొంచెం తిప్పి మళ్ళీ దింపి మళ్ళీ పోశాం. డ్రెయిన్ బోల్టుకి ఉండే అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు తప్ప ఏమీ లేదు, అది మామూలే, ఏ గేర్‌బాక్సులోనైనా అరుగుదల అంతమాత్రం ఉంటుంది. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. రెండో ఆయన కూడా ఇదే సమస్యతో, "హైదరాబాద్‌లో పెళ్ళి ఉంది, వెళ్ళొచ్చాక చూద్దాం" అనుకుని బయల్దేరారు. సూర్యాపేట దగ్గర ఆగిపోయింది. విప్పితే పుల్లీల మీద బెల్టు జారిన గీతలు గోటికి తగులుతున్నాయి, అయస్కాంతం నిండా సన్నటి ఇనప పెచ్చులు. ఇంక అది ఆయిల్‌తో బాగయ్యేది కాదు. రెండు బండ్లకీ తప్పు ఒకటే, ఆపినవాళ్ళకి ఆయిల్ ఖర్చు, నడిపినవాళ్ళకి గేర్‌బాక్స్ ఖర్చు. అందుకే నడపొద్దు అని అంత గట్టిగా చెప్తున్నా.

ఇంజిన్ వైపు కూడా ప్రమాదమే, అది మర్చిపోవద్దు. ఆయిల్ డబల్ ఉంటే క్రాంక్ అందులో తిరిగి నురగ చేస్తుంది, నురగతో బేరింగులకి సరిగా ఆయిల్ అందదు, సీళ్ళు కారతాయి, సైలెన్సర్లో పొగ వస్తుంది. కాబట్టి గేర్‌బాక్స్ ఒక్కటే సరిచేసి పంపుతామంటే కుదరదు.

టోయింగ్ గురించి ఒక మాట. ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ పంపు తిరగదు, చక్రాలు తిరుగుతుంటే లోపల భాగాలు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ఫ్లాట్‌బెడ్ పిలవండి. మీ ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీ తీసి చూసుకోండి, చాలామంది డబ్బు కట్టి కూడా ఆ సంగతే మర్చిపోతారు.

ఇంజిన్ గేజు సరిగ్గా ఉంటే? అప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ లెవెలూ రకమూ చూడాలి. బిల్లులో సీవీటీ ఆయిల్ గానీ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ టాప్ అప్ గానీ రాసి ఉందేమో చూడండి. మీకు చెప్పకుండా కొంచెం పోసి ఉండొచ్చు. సీవీటీలో ఒకటి, రెండు, మూడు అని విడి గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు (కొన్నిట్లో చైను) రాపిడితో పట్టుకుని తిరుగుతుంది. అందుకని ఆ ఆయిల్ ఇనుముకీ ఇనుముకీ మధ్య పట్టు ఇచ్చేలా తయారు చేస్తారు. మామూలు ఏటీఎఫ్ (మిగతా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) ఆ పని కోసం చేసింది కాదు, అది పోస్తే నూనె చేత్తో చేదతాడు లాగినట్టే, జారుతుంది. హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్ సీవీటీకి ఎన్‌ఎస్-3, అదే హోండా మామూలు ఆటోమేటిక్‌కి డీడబ్ల్యూ-1, టొయోటా టార్క్ కన్వర్టర్ బండ్లు చాలావాటికి డబ్ల్యూఎస్, ఇలా ఒక్కోదానికి ఒక్కోటి. "అన్నిటికీ ఇదే సార్, యూనివర్సల్" అనే డబ్బాని సీవీటీలో పోయనివ్వకండి. రంగు చూసి మోసపోవద్దు, ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కాదు, పచ్చగా ఉన్నవన్నీ ఒకటి కాదు. ఓనర్స్ మాన్యువల్ వెనక పేజీల్లో ఆయిల్ పేరు రాసి ఉంటుంది, ఆ పేరూ డబ్బా మీద పేరూ ఒకటేనా చూసుకోవాలి, అంతే.

లెవెల్ చూడటంలోనే సగం తప్పులు జరుగుతాయి. ఇప్పటి బండ్లు చాలావాటికి గేర్‌బాక్స్ గేజు ఉండదు, ఓవర్‌ఫ్లో బోల్టు ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, బండి నాలుగు వైపులా సమంగా ఎత్తి ఉండాలి, సెలెక్టర్ (గేరు లివర్) అన్ని పొజిషన్లలోకీ ఒకసారి తిప్పి రావాలి, ఆయిల్ వేడి చాలా బండ్లలో 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి (మీ బండికి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది), స్కానర్లో (బండి కంప్యూటర్ లెక్కలు చూపించే పరికరం) ఆ డిగ్రీలు చూస్తూ బోల్టు విప్పితే సన్నగా కారి చుక్కలుగా మారినప్పుడు బిగించాలి. ముందు ఒక జాకీ పెట్టి ముక్కు పైకి లేపి, చల్లటి బండిలో, ఇంజిన్ ఆపి చూస్తే ఆ లెవెల్ తప్పు. తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే లోపల నురగ కట్టి మళ్ళీ జారుతుంది. రెండింటికీ పైకి కనపడే లక్షణం ఒకటే కాబట్టి "ఇంకో అర లీటరు పోసి చూద్దాం" అనే వైద్యం పనికిరాదు.

ఇదీ సరిగ్గా ఉంటే అప్పుడు సర్వీసులో చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో ఆలోచించాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చారు కదా, ఫిల్టర్ బాక్స్ విప్పినప్పుడు ఎయిర్ ఫ్లో సెన్సర్ సాకెట్ సరిగా కూర్చోకపోయినా, గొట్టం క్లిప్పు వదులుగా ఉన్నా, ఇంజిన్ ఎంత లాగుతోందో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్తుంది, జర్కులు వస్తాయి. చాలా బండ్లలో బ్యాటరీ ట్రే కిందే గేర్‌బాక్స్ ఎర్త్ వైరూ, సెలెక్టర్ కేబులూ ఉంటాయి, బ్యాటరీ తీసిపెట్టినప్పుడు అవి కదులుతాయి. బ్రేకులు క్లీన్ చేసేటప్పుడు వీల్ స్పీడ్ సెన్సర్ వైరు లాగబడితే ఏబీఎస్ లైటుతో పాటు గేర్‌బాక్స్ కూడా సేఫ్ మోడ్‌లోకి పోయే బండ్లు ఉన్నాయి. ప్రెషర్ వాషింగ్ నీళ్ళు సాకెట్లోకి వెళ్ళినా ఇంతే, ఇది వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఇవన్నీ స్కానర్ పెడితే కోడ్ రూపంలో దొరికేవే. స్కానర్ పెట్టినప్పుడు కోడ్లు చెరిపేయకముందు ఫొటో తీసుకోండి, ఏ కోడ్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కొన్ని బండ్లలో నమోదై ఉంటుంది, తర్వాత మాటామాటా వచ్చినప్పుడు మీకు అదే ఆధారం.

బ్యాటరీ మార్చినా, థ్రాటిల్ బాడీ క్లీన్ చేసినా, కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు పోతాయి, లేదా సరిపడకుండా అవుతాయి. ఆ జర్కులు కొద్దిరోజులు నడిపితే తగ్గొచ్చు, లేదా స్కానర్‌తో లెర్నింగ్ చేయించాలి. కానీ ఆర్‌పీఎం రైజ్ అయి బండి లాగకపోవడం లెర్నింగ్ సమస్య కాదండి, "నడపండి, అదే సెట్ అవుతుంది" అంటే మీ విషయంలో నమ్మొద్దు.

ఇది చదివే మిగతావాళ్ళకి మాన్యువల్ బండి ఉండొచ్చు కాబట్టి దాని గురించీ రాస్తా. సర్వీసులో బ్రేక్ ఆయిల్ మార్చారు, బయటికి వచ్చాక క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, రివర్స్ గేరు గరగరమంటోంది, పెడల్ రెండుమూడుసార్లు కొడితే గేరు పడుతోంది. వాళ్ళేమో క్లచ్ సెట్ పోయిందంటారు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా బండ్లలో బ్రేకుకీ క్లచ్చుకీ ఆయిల్ డబ్బా ఒకటే, క్లచ్ పైపు ఆ డబ్బాకి కొంచెం పైన తగిలి ఉంటుంది. బ్రేకులు బ్లీడ్ చేస్తూ (పైపుల్లో గాలి తీసేస్తూ) డబ్బాలో ఆయిల్ దిగనిస్తే ముందు గాలి పోయేది క్లచ్ పైపులోకే. క్లచ్ లైన్ బ్లీడ్ చేస్తే అరగంటలో అయిపోయే పని. ఒక టీచరమ్మగారు క్లచ్ సెట్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేసి, ఎందుకో మనసొప్పక నా దగ్గరికి తెచ్చారు, బ్లీడ్ చేసి పంపించాను, ఆ పాత క్లచ్చే ఇంకా నడుస్తోంది. కేబుల్ క్లచ్ పాత బండ్లయితే కేబుల్ మరీ బిగించేసి పెడల్‌కి ఫ్రీ ప్లే (నొక్కగానే ఉండే కొద్దిపాటి వదులు) లేకుండా చేస్తారు, దాంతో క్లచ్ జారి పికప్ పోతుంది, నట్టు నాలుగు చుట్లు వదులు చేస్తే సరి. ఇక జీఎల్-4 గేర్ ఆయిల్ పోయాల్సిన చోట జీఎల్-5 పోస్తే సింక్రో (గేర్లు కలిసేముందు వాటి వేగం సమం చేసే భాగం) సరిగా పట్టదు, గేర్లు కటకటమంటాయి.

ఏఎంటీ బండ్లు, 2014లో సెలేరియోతో మన దగ్గర మొదలైనవి, ఇవి మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కి క్లచ్ నొక్కే, గేరు వేసే యంత్రం తగిలించినవే. బ్యాటరీ విప్పాక, లేదా క్లచ్ మార్చాక బైట్ పాయింట్ (క్లచ్ పట్టు మొదలయ్యే చోటు) లెర్నింగ్ చేయకపోతే మొదటి గేరులో ఎగిరెగిరి పడుతుంది, డిస్‌ప్లేలో ఎన్ మినుకుమినుకుమంటుంది. హైడ్రాలిక్ రకం అయితే దాని పంపుకి విడిగా చిన్న ఆయిల్ డబ్బా ఉంటుంది, అదీ చూడమనండి. యాక్చువేటర్ (ఆ క్లచ్ నొక్కే, గేరు వేసే యంత్రం) మొత్తం మార్చాలి అనే ముందు లెర్నింగ్ ఒకసారి చేయించారా అని అడగండి.

ఇంకో మాట తరచూ వింటాను, "ఆయిల్ మారిస్తేనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతుంది, ముట్టుకోకుండా వదిలేయాలి" అని. నేను ఒప్పుకోను. లక్షన్నర కిలోమీటర్లు ఒక్కసారి కూడా మార్చకుండా నడిపి, జర్కులు మొదలయ్యాక అప్పుడు ఆయిల్ మారుస్తారు. ఆ గేర్‌బాక్స్ అప్పటికే అరిగిపోయి ఉంది, ఆయిల్ మీద నింద పడుతుంది. ఒక్కటి మాత్రం నిజం, అలాంటి పాత గేర్‌బాక్సుకి మెషీన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే నేను పాతవాటికి దింపి పోయడమే చేస్తాను, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి. మాడు వాసన వచ్చే నల్లటి ఆయిల్ దిగితే, ఇది గ్యారంటీ లేని పని అని ముందే బండి ఓనర్‌కి చెప్పి రాయించుకుంటాను.

అన్నీ చూశాక కూడా ఏ తప్పూ దొరకకపోవచ్చు, సర్వీసుకి ముందే గేర్‌బాక్సులో సమస్య మొదలై ఉండి అదే వారంలో బయటపడి ఉండొచ్చు. అలా కూడా జరుగుతుంది, మెకానిక్‌ని ఊరికే నిందించడం నాకు ఇష్టం లేదు. నాన్నగారిని అడగండి, సర్వీసుకి ముందు చల్లటి బండి కదిలేటప్పుడు వణుకు గానీ, ఊళ సౌండు గానీ వచ్చేదా, నెమ్మదిగా వెళ్తుంటే జర్కు ఉండేదా అని. ఆయన రోజూ నడిపే బండి, ఆయనకి తెలిసినంత స్కానర్‌కి కూడా తెలీదు.

ఇప్పుడు సర్వీసు వాళ్ళతో ఎలా మాట్లాడాలి. గొడవతో మొదలుపెట్టకండి. జాబ్ కార్డు కాపీ, బిల్లు, పోసిన ఆయిళ్ళ పేర్లు, పార్ట్ నంబర్లు అడగండి. సర్వీసుకి ఇచ్చినప్పుడూ ఇప్పుడూ కిలోమీటర్ల రీడింగ్ ఎంతో రాసిపెట్టుకోండి. మీ ఎదురుగానే గేర్‌బాక్స్ ఆయిల్ శుభ్రమైన ట్రేలోకి దింపి కొలవమనండి, మామూలుగా ఎన్ని లీటర్లు దిగాలో మాన్యువల్‌లో ఉంటుంది, మూడు లీటర్లు దిగాల్సిన చోట గిద్దెడు దిగితే అక్కడితో వాదన అయిపోయినట్టే. ఇంజిన్ ఆయిల్ కూడా అలాగే కొలిపించండి. మొత్తం వీడియో తీసుకోండి. ఒక ప్రమాదం గురించి చెప్తున్నా, బండి మీరు లేకుండా వాళ్ళ దగ్గర రాత్రి వదిలేస్తే, తప్పు తెలిసినవాడు గుట్టుగా ఆయిల్ సరిచేసి "ఏమీ లేదు, బానే ఉంది" అని ఇచ్చేయొచ్చు. అప్పుడు అప్పటిదాకా బెల్టు ఎంత దెబ్బతిందో మీకు ఎప్పటికీ తెలీదు, ఏడాది తర్వాత పోతే అడగడానికి కాగితం ఉండదు.

తప్పు వాళ్ళదని తేలితే, రిపేరు ఏం చేశారో, దేనికి ఎన్నాళ్ళు గ్యారంటీ ఇస్తున్నారో బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాట వద్దు. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది, చాలాసార్లు కంపెనీ దాకా విషయం వెళ్ళేసరికే దారికి వస్తారు. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, సర్వీస్ గుంటూరులో చేయించినా ఇబ్బంది లేదు, సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కేసులకి ఫీజు కూడా లేదు. అక్కడ నిలబడేది మీ కోపం కాదు, ఆ ఫొటోలూ జాబ్ కార్డే.

ఆయిల్ సరిచేసి బండి మీ చేతికి వచ్చాక, మొదటి వారం లాంగ్ డ్రైవులు పెట్టుకోకుండా ఊళ్ళోనే తిప్పండి, ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం రైజ్ అవుతోందా, ఊళ సౌండు వస్తోందా గమనించండి. ఐదువందల కిలోమీటర్ల దగ్గర మళ్ళీ గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు విప్పించి అయస్కాంతం చూపించమనండి. బూడిదరంగు పేస్టు మాత్రమే ఉంటే నాన్నగారికి బండి ఇచ్చేయండి. చేతికి గుచ్చుకునే పెచ్చులు ఉంటే అప్పుడు గేర్‌బాక్స్ దించడం గురించి మాట్లాడుకుందాం, అది కూడా ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కాగితం మీద తేలాకే.